ఉత్తరాల తూకం

ఈరీ సరస్సు గడ్డకట్టిన వారం
తమ్ముడు థాడియస్ నా వంటింటి బల్ల మీద
రెండు కాగితాలు పరిచాడు.
ఒకటి విశ్వవిద్యాలయం సీటిచ్చిన ఉత్తరం.
రెండోది పైపులు బిగించే పని నేర్పే సంఘానిది,
మొదటి రోజు నుంచే గంటకు ఇరవై రెండు డాలర్లు.

"నువ్వు చదివిందే కదా లోరెట్టా, రాజనీతి శాస్త్రం.
చెప్పు, గిట్టుబాటవుతుందా?"

గిట్టుబాటు.
రైలింజన్ల కర్మాగారంలో సమ్మె జరిగిన చలికాలం
నాన్న నోట్లో నానిన మాట.
ఆయన అంటుంటే అమ్మ
సూపులో ఇంకో గ్లాసు నీళ్లు పోసేది.

తెచ్చిన అప్పు ముప్పై ఒక్క వేలు.
ఆరేళ్లుగా కడుతున్నాను.
ఇప్పుడున్నది ముప్పై మూడు వేల నాలుగు వందలు.
మళ్లీ చదువుకో, అచ్చుతప్పు కాదు.
అసలు కన్నా వడ్డీ ముద్దంటారు.
నా వడ్డీ నా ఒళ్లోనే కూర్చుని
నా గిన్నెలోనే తిని
నాకు నిద్రపట్టాక కూడా పెరుగుతుంది.

కాలేజీ వాళ్ల రంగుల కరపత్రంలో
"పట్టభద్రుల సగటు ఆదాయం" అని ఒక అంకె.
ఆ సగటు మనిషిని నేనింతవరకు కలవలేదు.
నా పక్క బెంచీ ప్రెస్కాట్
వాషింగ్టన్‌లో చమురు కంపెనీల తరఫున మాట్లాడతాడు.
నేను కౌంటీ ఎన్నికల ఆఫీసు నేలమాళిగలో
కవర్లు కోస్తాను, గంటకు పంతొమ్మిది.
మా ఇద్దరినీ కలిపి రెండుతో భాగిస్తే వచ్చేవాడు
ఏ కొండల నడుమో హైవే పక్కన
నిలబడి ఉంటాడు కాబోలు,
ఇల్లూ లేకుండా, అప్పూ లేకుండా.

ఆఫీసు పారేస్తుంటే తెచ్చుకున్న తూకం ఒకటుంది,
ఉత్తరాలు తూచేది, ముల్లున్న పాతరకం.
థాడ్ గోడ మీది పట్టా దించి
చట్రంలోంచి తీసి దాని మీద పెట్టాడు.
అర ఔన్సు.
తర్వాత బూట్ల డబ్బాలోంచి
అప్పు కంపెనీ ఉత్తరాలన్నీ కుమ్మరించాడు.
ముల్లు చివరికంటా పోయి కొట్టుకుంది,
ఆ పైన అంకెల్లేవు.
వాడు నవ్వాడు.
నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

అప్పుడు ఆస్ట్రాండర్ గారి సంగతి చెప్పాను.
నవంబరులో, సంతకం మరిచిన ఆయన కవరు
తిరస్కరించిన కట్టలో పడింది.
రూలు నాకు కంఠతా రాదు,
ఏ బీరువాలో ఏ పేజీ అడగాలో తెలుసు.
ఫోను చేస్తే రెండు బస్సులు మారి వచ్చాడు,
ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, చేతికి ఒకటే గ్లవ్‌.
ఒక్కో అక్షరం దిద్దినట్టు రాశాడు తన పేరు.
మొత్తం నలభై నిమిషాలు.
నా రేటున పన్నెండు డాలర్ల అరవై ఏడు సెంట్లు.
ఆయన ఓటేసినవాడు ఓడిపోయాడు.

"ఇదే గడిలో రాయను?"
వాడి చేతిలో పెన్సిలు. వెటకారం కాదు,
నిజంగానే అడుగుతున్నాడు.

కాస్త ఆగి, ఇంకోటి కూడా రాసుకోమన్నాను:
మా మర్లీన్ కాలేజీ మెట్లెక్కలేదు,
ఆ రూలు ఆమెకూ తెలుసు,
ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీలో కూర్చుని నేర్చుకుంది.
కానీ ఆ రోజు ఆమె సెలవులో ఉంది.
ఇదంతా రాస్తే కాగితం నిండిపోయింది,
అడుగున మొత్తం వేసే చోటే మిగల్లేదు.

"మళ్లీ మొదటికొస్తే చదువుతావా?"
పొద్దున చెబుతానన్నాను.
సోఫాలో బూట్లతోనే నిద్రపోయాడు.
పైపుల సంఘానికి గడువు శుక్రవారం,
రెండోదానికి ఇంకా నెలుంది;
అప్పు ఇచ్చేవాళ్లకెప్పుడూ తొందరుండదు.

వీధిలో మంచు తోసే లారీ
ఇల్లంతా అదురుతుండగా వెళ్లిపోయింది.
బల్ల మీద ఖాళీ తూకం.
ఏమీ లేకుండానే ముల్లు కాసేపు వణికి
సున్నాకి ఒక గీత ఇవతలే
ఆగింది.