నీళ్లపాలు

ముప్పై ఏళ్లుగా కావలిలో పాలు పోస్తా ఉండాను.
నా పేరు పెంచలయ్య. ఆ పేరుతో పిలిచేవాళ్లు తక్కువ.
"ఇదో, నీళ్లాయన వచ్చినాడు" అని
గిన్నె రాకముందే గోడ అవతల నుంచి మాట వస్తాది.
టీచరమ్మ గోటి మీద చుక్క వేసి చూస్తాది.
రిటైరైన రైల్వే ఆయన గాజుగొట్టం ముంచి
ఎండకెత్తి పట్టుకుంటాడు, జ్వరం చూసినట్టు.
కలిపినానా? కలిపినాను.
గేదె వట్టిపోయిన నెలల్లో, మా పెద్దోడి ఫీజు నెలలో.
పెంచలకోన మెట్ల మీద నిలబడి లేదని చెప్పలేను.

ఆ మాఘమాసం, రెండో ఆట వదిలిన వేళ,
తుమ్మలపెంట రోడ్డు నుంచి పెళ్లిగుర్రాల సందాని
తలుపు కొట్టినాడు.
చేతిలో సీసా. సీసాకు రబ్బరు పీక.
"చాంది పోయిందన్నా. కడుపునొప్పి."
పిల్లకు ఐదో రోజు.

పుట్టిన నాడు నేను అక్కడే ఉండాను.
తల్లి సున్నం కొట్టిన గోడ. పిల్ల బొగ్గు.
నాలుగు కాళ్లు నాలుగు దిక్కులకు పోతా ఉంటే
తల్లి ముందుకాళ్ల సందున పాలు వెతికింది పిచ్చిది.
మెడ పట్టి నేనే వెనక్కి నడిపించినా.
మూడో రోజు, ముర్రుపాలు దిగినాక,
వేలికంటిన చుక్క నాకి చూసినా, వృత్తి కదా.
పల్చన. కాస్త నీలం.
బియ్యం కడుగులో బెల్లం జారినట్టు తీపి.
గోటి మీద నిలవలా.
నవ్వొచ్చింది నాకు:
ఎవురబ్బా కలిపింది ఈ నీళ్లు?

పశువుల డాక్టరు గేదెల మనిషి.
తిరుపతికి ఫోను చేసి, చీటీ వెనకాల రాసుకుని చెప్పినాడు:
నీ గేదె పాలు అట్టాగే పోస్తే పిల్ల పారుకుని చస్తాది.
మీగడ తియ్యి. సగానికి సగం నీళ్లు. కాస్త చక్కెర.
గంటకొక తూరి, రాత్రీ పగలూ.
సందాని నా మొహంలోకి చూసి
"కలుపన్నా" అన్నాడు. "బాగా కలుపు."

నన్ను ఆ మాట అడిగిన మనిషి
ఈ ఊళ్లో అతనొక్కడే.
చేతులు వణికినాయి సామీ.
చీకట్లో, గేదె కూడా వినకుండా
చెంబు వంచడం నాకు తెలుసు.
లైటు కింద, మస్తాన్‌బీ చూస్తా ఉంటే,
కాచి చల్లార్చిన నీళ్లు కొలిచి పొయ్యడం
ఆ రాత్రే నేర్చుకున్నా.

సీసాను పిల్ల నమ్మలేదు.
పీకను పళ్లులేని చిగుళ్లతో తోసేసింది.
మస్తాన్‌బీ లోపలికి పోయి
చాంది వీపున కప్పే అద్దాల గుడ్డ తెచ్చి
తన భుజాన వేసుకుంది.
ఉలవల వాసన, చెమట వాసన, బాజాల రాత్రుల వాసన.
సీసాను చంక కింద పెట్టుకుని గోడకు తిరిగి నిలబడింది.
ఒక గూడ్సు బండి గేటు దాటిపోయింది.
ఇంకొకటి.
అప్పుడు గుటక వినపడింది.
ఒకటే.
ముగ్గురమూ ఊపిరి బిగబట్టినాము, రెండోది దాకా.

నలభై రోజులు అట్టా.
ఆ నలభై రోజులూ కావలికి చిక్కటి పాలు పోసినా,
నా నీళ్లన్నీ అక్కడే అయిపోతా ఉండె.
"గేదె మారిందా, పెంచలయ్యా?" అన్నాది టీచరమ్మ.
పేరు పెట్టి.
చెప్పలేదు నేను. చెప్తే మాత్రం ఏమని?

నాలుగేళ్లు.
మొన్న రాత్రి ట్రంకు రోడ్డులో ఊరేగింపు.
పైన పెళ్లికొడుకు, కింద అది.
బ్యాండు వాళ్లను తోసుకుని అడ్డంగా వచ్చి
నా మోపెడు క్యానుకు మూతి ఆనించింది.
తలపాగా జారి, పెళ్లికొడుకు జూలు పట్టుకున్నాడు.
"ఎవురిదిరా ఈ బండి, తియ్యండి!" అని కేకలు.
సందాని కళ్లెం లాగలేదు.

తెల్లగుర్రం పిల్లలు నల్లగా పుట్టి
ఏళ్ల మీద తెల్లబడతాయంట.
తాగిన పాలు ఒంటి మీదికి వస్తా ఉండాయి
అంటాది మస్తాన్‌బీ.
ట్యూబులైట్ల వెలుతురులో మెడ నిమిరి చూసినా.
బొగ్గు పోయింది. సున్నం ఇంకా రాలేదు.
పల్చన, కాస్త నీలం.
ఇంకా నేను కలిపిన రంగే.