ఆరో కీ

అత్త పోయిన నలభయ్యో రోజున
గిటారు మా ఇంటికి ఆటోలో వచ్చింది,
బియ్యం సంచీలోంచి మెడ బయటపెట్టి
సంత నుంచి తెచ్చిన బాతులా.

జ్ఞానపురంలో రోజలిన్ అంటే ఎవరూ గుర్తుపట్టరు.
కరెంటు గిటారు రోజమ్మ అనాలి.
రైల్వే ఇన్‌స్టిట్యూట్ డాన్సుల్లో,
క్రిస్మస్‌కి చర్చి బయట వేసిన షామియానా కింద
కొంగు నడుముకు దోపి వాయించేది.
హుద్‌హుద్ ఏడాది రేకులెగిరిపోయి
మూడు రోజులు వానలో నానిందట ఇది.
ఆపైన ప్లగ్గు పెడితే గుర్రుమనడమే,
పలకడం లేదు.

విప్పి చూశాను.
జాక్ ఊడి వైరుకు వేలాడుతోంది.
వాల్యూం బిళ్ళ ఉప్పుగాలికి తుప్పు.
ఉన్నది ఒక్క పికప్పు, అదీ మూగ.
కీలు అయిదే. ఆరో కన్నంలో
విరిగిన గొడుగు ఊచ ముక్క.

డాబాగార్డెన్స్ షాపు కుర్రాడు ముట్టుకోకుండానే
"దీనికి పార్టులు రావండీ.
కొత్తది తీసుకోండి, ఈఎంఐ ఉంది" అన్నాడు.
ఓడల్నే బాగుచేసి పంపే ఊళ్లో
ఒక చెక్కముక్కకి పార్టులు లేవట.

పూర్ణా మార్కెట్ వెనక సౌండ్ సర్వీసు ముసలాయన
చవితి పందిళ్లలో అరిచి అరిచి చచ్చిన ఆంప్లిఫయర్ పొట్ట కోసి
బిళ్ళా జాకూ తీసిచ్చాడు.
ఎంత అంటే, టీ అన్నాడు.

పికప్పు పట్టుకుని కంచరపాలెం మెట్టు ఎక్కాను,
మోటార్లు చుట్టే పైడయ్య దగ్గరికి.
"ఏటమ్మా ఇది, ఏ పంపుసెట్టుది?"
పాటది, అన్నాను.
నవ్వలేదు. భూతద్దం పెట్టాడు.
"లోపల తెగిపోనాది. ఎన్ని సుట్లు?"
ఎనిమిది వేలు.
"మా కాడున్న తీగలు దీని ముందు మోకులు."

కాన్వెంట్ జంక్షన్ తుక్కులో
ఒక డబ్బా పాత రిలేలు కొన్నాను.
వాటి కడుపుల్లో ఉంది,
వెంట్రుక కన్నా సన్నం, ఊపిరికే తెగేటంత.
మే నెలలో ఫ్యాను ఆపేశాం.
ఆయన తిప్పాడు, నేను లెక్కపెట్టాను,
నూటికొక సుద్దగీత గోడమీద.
నలభైమూడో గీత దాటాక గూడ్సుబండి వచ్చింది.
షెడ్డంతా అదిరింది.
ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.
ఎక్కడున్నామో ఇద్దరికీ తెలీదు.
"ఓ వందటూ ఇటూ. పాటకేటి తెలుస్తాది?"
తెలుస్తుందనే నా భయం.

ఆరో కీ మాత్రం
ఏ తుక్కులోనూ లేదు.
ఆటోనగర్‌లో ఇత్తడి కడ్డీ లేతుకెక్కించి
పళ్ళు తప్పి, మళ్ళీ తప్పి, మూడోసారికి కుదిరింది.
తక్కిన అయిదూ నల్లబడి ఉంటే
ఇదొక్కటీ పెళ్లికొచ్చినట్టు మెరిసింది.

గొప్పగా చూపిద్దామని
దేవసహాయం తాతింటికి మోసుకెళ్లాను.
అత్త బ్యాండులో డ్రమ్ములు ఆయనవి.
ఇప్పుడు ఎడమచెయ్యి లేవదు.
కుడిచేత్తో తలంతా తడిమి
ఇత్తడి దగ్గర ఆగాడు.
"ఇదెందుకు పెట్టినావే గుంటా?"
విరిగిపోయింది కదా తాతా.
"విరగడమేటి! హౌరా మెయిల్లో వచ్చిన్నాడే నేదు.
ఒకడు వాడి ఒగ్గేసిన సరుకు.
మీ యత్త అయిదు తీగల మీదే నేర్సుకున్నాది.
కింద సొరం గావాల్సినప్పుడు
నా యేపు సూసేది.
నాను పెద్ద డ్రమ్ము తన్నేవోణ్ణి.
ముప్పయ్యేళ్లు."
ఆ తర్వాత కిటికీ వైపు తిరిగి
వీధి కుళాయి గురించి ఏదో అన్నాడు.

తీగల ప్యాకెట్లో ఆరుంటాయి.
అయిదు బిగించాను.
లావుది చుట్టచుట్టి సంచీలో పడేశాను.
ఆయన టేప్‌రికార్డరు మైకు కన్నంలో వైరు గుచ్చితే
పలికింది. కొంచెం పలచగా,
గూడ్సుబండి ఎత్తుకుపోయిన చుట్లు తెలిసిపోతూనే.

నాకొచ్చినవి మూడు కార్డులు.
వాటితోనే మొదలుపెట్టాను.
కింద ఏమీ లేని చోటికి వచ్చి తలెత్తాను.
సిమెంటు గచ్చు మీద హవాయి చెప్పు,
అర లిప్త ఆలస్యంగా.