గుదికర్ర

పుంగనూరు దాటినాక, జమీను కాలంలో
వేటకని వదిలేసిన చిట్టడివి ఇది.
ఇప్పుడు తుపాకీ లేదు, కంచె వుంది.
కంచెకు నేనున్నాను, నెలకు ఎనిమిది వేలకు.

మార్గశిరం చలిలో మొదట చూసినాను:
దుప్పిపిల్ల, తొడ దగ్గర చీరుకుపోయి,
కడుపు ఇంకా వెచ్చగా.
చిరుత అయ్యుంటే మోసుకుపోయేది.
ఇది తిన్లేదు. తరిమింది, పడేసింది,
పనైపోయినట్టు ఎల్లిపోయింది.

అడుగులు పట్టుకోని పోతే గంగులప్ప మంద.
కరియడు పండుకోనున్నాడు
మేకపిల్లకు వీపు ఆనించి,
మూతి కడుక్కున్న పిల్లోడి మాదిరి.

"నా జీవాల్ని కాసే కుక్క సామీ అది"
అన్నాడు గంగులప్ప.
మా పక్క జీవాలంటే గొర్రెలు, మేకలు.
దుప్పికి ఆ పేరు ఎవురూ పెట్లేదు.

నేను కేసు మాటెత్తలేదు. ఆయప్పా తిట్లేదు.
తుమ్మకొమ్మ నరికి, మూరెడు గుదికర్ర చెక్కి
కరియడి మెడకు కట్టినాడు.
ముడేసేటప్పుడు అది ఆయప్ప చెయ్యి నాకింది.

వారం దినాలు
కౌజుపిట్టలు మళ్లీ కూసినాయి.
కుంటకాడ తడిమట్టిలో
చిన్న గిట్టలు, పెద్ద గిట్టలు.
రాత్రంతా రాళ్లమీద కర్ర టకటకమంటా
మంద చుట్టూనే తిరిగేది.
ఆ చప్పుడుకు నాకు నిద్ర అలవాటైంది.

నిన్న రాత్రి
ఒక్కసారి గట్టిగా మోగింది. మళ్లీ లేదు.

పొద్దున పోయేసరికి
గంగులప్ప జీవాల్ని లెక్కబెడతా వున్నాడు.
నూటా పద్నాలుగు. అన్నీ వున్నాయి.
తెగిన తాడు చేతికి చుట్టుకోని
మళ్లీ మొదట్నుంచి లెక్కబెడతా వున్నాడు.