గాలి పీల్చండి, ఆపండి

రోజుకి డెబ్భైసార్లు అంటాను ఆ మాట.
సీసం గోడ వెనక నించుని
"గట్టిగా గాలి పీల్చండి. ఆపండి. కదలకండి. ఆ, వదిలెయ్యండి."
అంటూనే పొద్దున్న స్టవ్ కట్టేశానో లేదో ఆలోచిస్తుంటాను.

మైలపిల్లి కాసులమ్మ ఆపలేకపోయింది.
"ఆపమంటే ఎలాగమ్మీ,
ఉంటే గదా ఆపడానికి" అంది పలకకి గడ్డం ఆనించి.

ఫిషింగ్ హార్బర్లో వేలం పాడే గొంతు అది.
తెల్లారి నాలుగింటికి ఆమె వంజరం తోక పట్టుకుని
"ఎనిమిదొందలు" అని కేకేస్తే
అవతలి జెట్టీలో ఐసు దంచేవాడు చెయ్యాపేవాడట.
ఇప్పుడు "ఎనిమిది" దగ్గర ఒక దగ్గు,
"వందలు" దగ్గర ఇంకోటి.
ఆ సందులో పక్కామె పాట కొట్టేస్తోంది.

మూడేళ్ళ కిందట ఎడమ రొమ్ము తీసేశారు.
డబ్బుల సంచీ ఎప్పుడూ ఆ వైపే దోపేదాన్నని చెప్పింది,
"కొన్నాళ్ళు అలవాటుగా అక్కడే పెట్టీదాన్ని. జారిపోయీది."
గుండీలు పెట్టుకుంటూ నవ్వింది.
నాకు నవ్వు రాలేదు. తెర చూసేశాను అప్పటికే.

రాత్రిపూట బీచ్ రోడ్డు మీంచి చూస్తే
ఔటర్లో లంగరేసిన ఓడల దీపాలు కనిపిస్తాయే,
రెండు ఊపిరితిత్తుల నిండా అలాంటివి.
ఏ ఓడ ఏ రాత్రి వచ్చి ఆగిందో ఎవరూ చూళ్ళేదు.
కుడివైపు అడుగున నీరు,
పోటు మీదున్న సముద్రంలా ఒక గీత.

"పోర్టు బొగ్గేనా అమ్మీ?
మా డాబా మీద ఎండేసిన నెత్తళ్ళే నల్లబడిపోతాయి."
డాక్టరుగారు చెప్తారన్నాను.
చెప్పడం నా ఉద్యోగం కాదు. అదొక్కటే ఈ ఉద్యోగంలో సుఖం.

నీరు తీశారు. లీటరుంపావు, పలచటి టీ రంగులో.
ముక్క తీసి పరీక్షకి పంపారు.
వారం తర్వాత డాక్టరమ్మ అంది:
"ఇది ఊపిరితిత్తుల క్యాన్సర్ కాదు కాసులమ్మా,
ఆ రొమ్ముదే. ఇక్కడికొచ్చి కాపురం పెట్టింది."
కాసులమ్మకి చప్పున అందింది.
"మా మరిది వెరావల్ పోయి పాతికేళ్ళు.
బోటు ఆళ్ళది, సముద్రం ఆళ్ళది.
తిట్టాడంటే మాత్రం మన మాటే."
"అందుకే మందు కూడా ఆ మాటలోనే వెయ్యాలి" అంది డాక్టరమ్మ.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.
ఒంట్లో రక్తమంతా, ప్రతి చుట్టూ,
ఊపిరితిత్తుల్లోంచి పోవాల్సిందే.
అంత సన్నకన్ను వల ఇంకోటి లేదు.
గాలి పట్టడానికి అల్లిన వల.
దాన్లోకి ఏదొచ్చి పడుతోందో వలకేం తెలుసు?
కత్తి పడకముందే ఒకటో రెండో కణాలు తప్పించుకుని
అక్కడ మూడేళ్ళు పడుకున్నాయి కాబోలు.
ఆమె మూడేళ్ళూ పాట పాడింది వాటి మీంచే.

ఎన్నాళ్ళని అడిగింది, దాచకుండా.
డాక్టరమ్మా దాచలేదు.
పూర్తిగా పోదంది. మాత్రలు వింటే అణిగుంటుందంది.
కొందరికి ఏడాది, కొందరు ఐదు దాటి తిరుగుతున్నారంది.
"అయితే ఐదు కాడ ఎత్తుకో పాట.
తక్కువకి కొట్టిన సరుకు కాదు నాది."

వేట నిషేధం ఎత్తేసిన వారానికి మళ్ళీ వచ్చింది.
ఒంటి మీద కానాగంతల వాసన.
నన్ను చూసి తనే వెళ్ళి పలకకి ఆనుకుంది.
"గట్టిగా గాలి పీల్చండి. ఆపండి."
ఆపింది.
తెర మీద నాలుగైదు దీపాలు ఆరిపోయాయి.
నీటి గీత దిగింది.
పైన, ఎడమ మూల, మొన్న లేనిది ఒకటి
ఉందా?
దగ్గరికి వంగాను. పెద్దది చేసి చూశాను.

లోపల్నుంచి వేలం గొంతు:
"అమ్మీ, ఒగ్గీమంటావా లేదా?"