ఏడో బెడ్

ఫర్వానియా ఎమర్జెన్సీ. రాత్రి రెండున్నర.
బయట ఇసుక గాలి, లోపల దగ్గులు.
తుంటి విరిగొచ్చిన పెద్దాయనకి
"చెవుడు" అని రాసి పడేశాను,
ఒక్క మాటైనా అడక్కుండా.

"ఈ ముసలాయనతో తెల్లారినట్టే"
సువార్తమ్మతో అన్నాను, మన భాషేగా అని.
రెండుసార్లు. కాదు, మూడు.

నాలుగింటికి ఎక్స్‌రే వాళ్లొచ్చారు.
"ముసలాయన్ని పట్టుకెళ్లాలి, సువార్తా!"
ఏడో బెడ్ మీంచి
సూది గుచ్చిన చెయ్యి లేచింది.
"అనా," నేనే అంటూ,
పిలుపొచ్చినందుకు సంబరంగా.

ఫైలు తిరగేశాను.
ఫలాహ్ బిన్ ముత్లక్ బిన్ సఅదూన్...
తండ్రినీ తాతనీ వెంటేసుకొచ్చిన పేరు
ఒక్క ఊపిరిలో చదవలేకపోయాను.
ఆగిన చోట ఆయనే అందించాడు.

"చెవుడు" కొట్టేశాను.
గీత కింద
ఇంకా చదవొస్తూనే ఉంది.