ఋణ సంఖ్య

పంతొమ్మిదేళ్లు అదే నోట్సు.
కుట్టు ఊడితే దబ్బనంతో నేనే మళ్లీ కుట్టుకున్నాను.
పాస్కల్ పోయింది, సి వచ్చింది,
ల్యాబు గుమ్మంలో చెప్పులు విప్పే ఆచారం పోయింది,
నలుగురికొక కంప్యూటరు పోయి మనిషికొకటి వచ్చింది.
అరవై రెండో పేజీ మాత్రం కదల్లేదు.

బోర్డు మీద మెట్లు గీసేదాన్ని.
"అలిపిరిలో మొదటి మెట్టు ఇది, కొండ మీద చివరిది అది.
రెంటినీ కూడు, సగం చెయ్.
నువ్వు వెతికేది అక్కణ్ణించి పైనుందా, కిందుందా?
లేని సగాన్ని వదిలెయ్."
వెనక బెంచీలోంచి ఎవడో గోవిందా అనేవాడు,
ఏడాదికొకడు, తప్పకుండా.

ఆ ఏడు కొర్లగుంట నుంచి మునీశ్వరి వచ్చింది.
వాళ్ల నాన్న కల్యాణకట్టలో కత్తి పట్టే మనిషి.
ఇరవై వేల టోకెన్లు వరసపెట్టి తెచ్చింది,
మేమెప్పుడూ పదింటితో, మహా అయితే యాభైతో సరిపెట్టేవాళ్లం.

మొదటి సగం బాగానే వచ్చింది. రెండో సగమూ వచ్చింది.
మూడోసారి నీలం తెర మీద
మైనస్ పదిహేను వేల చిల్లర.
భూమిలోకి దిగిన మెట్టు.

"మేడం, కూడితే పొంగిపోతా ఉండాది.
ముప్పై రెండు వేల చిల్లర పట్టే గిన్నెలో
ముప్పై ఐదు వేలు పోస్తా ఉండాం.
పొంగితే ఋణమైపోతా ఉండాది."

"సిలబస్‌లో అంత పెద్ద లెక్కలు రావులేమ్మా"
అన్నాను.
అన్నానా ఆ మాట, అన్నాను.
ఇప్పటికీ నోట్లో సుద్దపొడిలా ఉంది.

రాత్రి భవానీనగర్‌లో కరెంటు లేదు.
కొవ్వొత్తి పెట్టుకుని కాగితం మీద చేత్తో నడిపి చూశాను.
మూడో అడుగులో నేనూ దిగిపోయాను.
పంతొమ్మిది బ్యాచిలు.
ఎవరో బ్యాంకుకు రాశారు, ఎవరో రైళ్లకు,
పాలమనేరు కుర్రాడొకడు ఆస్పత్రికి కూడా.
ఎక్కడ ఏ గిన్నె పొంగుతోందో.

మర్నాడు బోర్డు తుడిచి సుద్దముక్క ఆ పిల్ల చేతికిచ్చాను.
"రెండు కొసలూ కూడొద్దు" అంది, మాకు వీపు పెట్టి రాస్తూ.
"నిలబడిన మెట్టు ఏదో ముందు చూసుకోండి.
మిగిలిన దూరంలో సగం దానికి కలుపుకోండి."
ఆ రోజు ఎవడూ గోవిందా అనలేదు.

అరవై రెండో పేజీ ఎర్రసిరాతో దిద్దుకున్నాను.
పక్కన మునీశ్వరి పేరు, తేదీ.
జెరాక్సులో ఎరుపు నలుపైపోతుంది గానీ
పేరు పడుతుంది.
"ఎవరు మేడం, ఈ పుస్తకం రాసినామెనా?"
అడుగుతారు కొత్త పిల్లలు.

అప్పిచ్చినామె, అంటాను.