రెండు ఏడులు

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమే
హెస్టర్ ఫ్రాగట్‌కు జీతమిచ్చే పని.
మోకాళ్లకు తోలుముక్కలు కట్టుకుని
నోట్లో పెన్సిలు, నుదుటి మీద దీపం,
అటక మీద పాకుతోంది.
నూట పద్నాలుగు దాకా వచ్చి
గబ్బిలం కదిలితే మళ్లీ మొదటికొచ్చింది.

బయట వాన.
చెప్పకుండా వచ్చి
చెప్పకుండా ఉండిపోయే శ్రాప్‌షైర్ వాన.
కందకంలో ఇల్లు తలకిందులుగా నిలబడి ఉంది,
అక్కడా వంకరే.

తెల్లగోడ మీద నల్లటి గళ్లు
పులీ మేక ఆటకి గీసినట్టు.
ఆ నలుపు నిన్నమొన్నటిది. తారు.
ఏ మనవడి మనవడికో తోచిన సింగారం.
అసలు ఓక్ రంగు
ముసలి గుర్రం మూతిది.

పచ్చిచెక్కనే కోశారు అప్పుడు.
ఎండాక ఓక్ ఉలి మాట వినదు.
కుసి బెజ్జంలో దూరాక, కొయ్యచీల దిగాక,
నిలబెట్టాకే ఎండనిచ్చారు.
ఆరుతూ ఆరుతూ మెలితిరిగి
ఒకదాన్నొకటి మరింత గట్టిగా పట్టుకున్నాయి,
పోట్లాడుకుంటూనే ఒకే దుప్పటి కింద
నిద్రపోయిన అన్నదమ్ముల్లా.
ఎక్కడా ఇనుప మేకు లేదు.

గోడలంటే ఏముంది
తడిక, మట్టి, పేడ, తరిగిన గడ్డి.
ఒకచోట పెళ్ల ఊడితే లోపల ఐదు వేళ్లు,
మట్టి మెత్తిన చెయ్యి.
చిటికెన వేలు మరీ పొట్టి.
హెస్టర్ తన చెయ్యి ఆనించి చూసి
ఏమీ అనకుండా టీ తాగడానికి దిగింది.

పై అంతస్తు తర్వాత వచ్చింది.
వాన పడితే నడవడానికి చోటేదీ అన్నాడట యజమాని.
ఈ కొస నుంచి ఆ కొసకి అరవై ఎనిమిది అడుగుల గది.
కింది స్తంభాల్ని ఎవరూ అడగలేదు.
అవి కాదనలేదు, వంగాయి.
ఇప్పుడా గదిలో గోళీ వదిలితే
ఎవరూ నెట్టకుండానే ఉత్తరపు కిటికీ చేరుతుంది.

అసలు సంగతి అంకెలు.
చెట్లు పడిన చోటే, నేల మీద పరిచి
ఇల్లంతా ఒకసారి అమర్చి చూసుకుని,
ప్రతి కీలుకీ ఉలితో గాట్లు పెట్టి,
విప్పి, ఎడ్లబళ్ల మీద తెచ్చారు.
నాలుగు దాకా నిలువు గాట్లు.
ఐదుకి పక్షి ముక్కు.
ఆరు.
ఏడు.
మళ్లీ ఏడు.
ఎనిమిది లేదు.

రెండో ఏడు గాట్లకి లోతు తక్కువ.
పనికి కొత్త, ఏ బార్నబీయో,
చలికి మొద్దుబారిన పద్నాలుగేళ్ల వేళ్లు.
నిలబెట్టే రోజు తాళ్లు బిగిసి, ఊరంతా తలెత్తి చూస్తుండగా
ఏ ఏడు ఏ ఏడో తేలక
దూలం తప్పు స్తంభానికెక్కింది.
వేలెడు సందు.
పెద్ద వడ్రంగి తిట్టాడో, చెవి మెలేశాడో,
సందులో చెక్కముక్క దిగ్గొట్టి
భోజనానికి పదమన్నాడో.

ఆ చెక్కముక్క ఇంకా అక్కడే ఉంది.
ఇంజనీరు ఫోన్లో అంటున్నాడు:
"అది పీకేసి స్టీలు పలక వేద్దాం,
ఇల్లు నిటారుగా వస్తుంది."
హెస్టర్ వేలి కణుపుతో తట్టింది.
ఖంగుమంది.
"నూట పద్దెనిమిది" అంది.
"ఏమిటి?"
"వాసాలు. అన్నీ ఉన్నాయి."

ఫోను జేబులో పెట్టి
పుస్తకంలో ఆ స్తంభం పక్కన
పొద్దుట్నించీ ఖాళీగా వదిలిన గడిలో
పెన్సిలు గట్టిగా ఒత్తకుండా
మళ్లీ ఏడు వేసింది.